బోరుబావిలో భూమి ఆటుపోట్లు

పరిశోధన అనగానే మన ప్రాంతంలో డిగ్రీ చదివే పిల్లలకు హైదరాబాద్ గుర్తొస్తుంది. ఎమ్మెస్సీ పూర్తిచేసి, నెట్ రాసి, ఉస్మానియాలోనో, ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలోనో సీటు దొరికాక మొదలయ్యే పని అది అనుకుంటారు. వాళ్లకు చెప్పే పెద్దలు కూడా చాలామంది అలాగే అనుకుంటారు. ఫలితంగా బీఎస్సీ చివర్లో చేసే ప్రాజెక్ట్ వర్క్ చాలాచోట్ల ఎక్కడినుంచో ఎత్తిరాసిన ముప్ఫై నలభై పేజీల స్పైరల్ బైండింగుగా మిగిలిపోతోంది. అందులో ఒక్క కొలత కూడా విద్యార్థి సొంతంగా తీసింది ఉండదు. ఈ పద్ధతి మారాలి, మారడానికి అవకాశమూ ఉంది. భూభౌతిక శాస్త్రంలో తొలి పరిశోధనకు భూమి ఆటుపోట్లను మించిన విషయం లేదనీ, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ ఉన్న నేల ఆ పనికి ఎంతో అనువైనదనీ ఈ ప్రసంగంలో వాదించబోతున్నాను. కావలసిన ముఖ్యమైన పరికరాన్ని మన రైతులు ఎప్పుడో భూమిలోకి దింపి ఉంచారు. అదే బోరుబావి.

ముందుగా విషయం ఏమిటో చూద్దాం. చంద్రుడూ సూర్యుడూ సముద్రాన్ని లాగినట్టే నేలనూ లాగుతారు. మనం కదలదనుకునే రాయి కూడా ఆ లాగుడుకు లొంగుతుంది. మన అక్షాంశాల్లో, అంటే ఉత్తరాన 17 డిగ్రీల దగ్గర, అమావాస్య పౌర్ణమి రోజుల్లో నేల 30 నుంచి 40 సెంటీమీటర్ల మేర లేచి దిగుతుంది. ఆరు గంటలకు పైగా పట్టే ఆ కదలికలో ఇల్లూ చెట్టూ ఊరూ అన్నీ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి కాబట్టి మనకు తెలియదు. గురుత్వాకర్షణలో వచ్చే తేడా ఎంతో తక్కువ. 60 కిలోల మనిషి బరువు 15 మిల్లీగ్రాముల దరిదాపుల్లో మారుతుంది, అంతే. పౌర్ణమినాడు చంద్రుడు మనిషి ఒంట్లో నీటిని లాగేస్తాడనీ మతి చలింపజేస్తాడనీ చెప్పేవాళ్లకు ఈ ఒక్క అంకె చాలు. కానీ అదే ప్రభావం వందల కిలోమీటర్ల పొడవున్న రాతి పలకమీద పనిచేసినప్పుడు కొలతకు అందుతుంది. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న లెప్ అనే కణ త్వరణ యంత్రంలో 1990లలో కణాల శక్తి రోజూ కొద్దిగా మారుతూ వస్తే, కారణం వెతికిన శాస్త్రవేత్తలకు భూమి ఆటుపోటే కనిపించింది. ఆ వలయం చుట్టుకొలత చంద్రుడి గమనాన్ని బట్టి దాదాపు ఒక మిల్లీమీటరు పెరిగి తగ్గుతోంది.

ఇంత సూక్ష్మమైన విషయానికి కోట్ల రూపాయల యంత్రాలు కావాలి, డిగ్రీ పిల్లల వల్ల ఏమవుతుంది అని వెంటనే ఎవరైనా అడుగుతారు. ఈ ప్రశ్నకు చరిత్రలోనే జవాబుంది. 1913లో అమెరికాలోని యర్కీస్ వేధశాల ఆవరణలో ఆల్బర్ట్ మైకెల్సన్, హెన్రీ గేల్ కలిసి భూమి ఎంత గట్టిదో కొలిచారు. వాళ్లు వాడింది ఇనుప గొట్టాలు. 500 అడుగుల పొడవున ఒకటి తూర్పు పడమరలుగా, ఇంకొకటి ఉత్తర దక్షిణాలుగా మట్టిలో పాతిపెట్టి, సగం వరకు నీళ్లు నింపి, చివర్లలో నీటిమట్టం ఎంత మారుతోందో సూక్ష్మదర్శినితో చూశారు. భూమి ఏమాత్రం లొంగని గట్టి గోళమైతే నీటిమట్టం ఎంత మారాలో గణితం ముందే చెబుతుంది. మారింది అందులో సుమారు 70 శాతమే. మిగిలిన 30 శాతం నేల తానే లొంగిపోవడం వల్ల తగ్గిన భాగం. మైకెల్సన్ అప్పటికే నోబెల్ బహుమతి పొందినవాడు, నిజమే. అయినా ఆ ప్రయోగంలో ఉన్నది గొట్టం, నీళ్లు, ఓపిక, ఒక కచ్చితమైన లెక్క. అంతకు ముప్ఫై ఏళ్ల ముందే బొహీమియాలో నీట మునిగిన ఒక బొగ్గుగనిలో నీటిమట్టం చంద్రుడితోపాటు పెరిగి తగ్గుతోందని గమనించారు. భూమి ఆటుపోట్లను మనిషి తొలినాళ్లలో పట్టుకున్నది ఇలా నేలలోని నీటి ద్వారా కూడా.

మన బోరుబావుల్లో జరిగేదీ అదే. సూర్యాపేట చుట్టూ ఉన్న నేల గ్రానైటు, నైసు రాళ్ల నేల. పైన పది ఇరవై మీటర్ల మేర వదులైన పొర ఉంటుంది, దాని కింద పగుళ్లున్న రాయి, ఇంకా కిందికి పోతే గట్టి బండ. నీళ్లుండేది ఆ పగుళ్లలోనే. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు రాయి రవ్వంత వ్యాకోచిస్తుంది, పగుళ్లు తెరుచుకుంటాయి, బోరులో నీటిమట్టం దిగుతుంది. చంద్రుడు దిగంతానికి చేరేసరికి రాయి దగ్గరికి నొక్కుకుపోతుంది, తడిగుడ్డను పిండినట్టు నీళ్లు బోరులోకి ఎగదన్నుతాయి. చంద్రుడు మీదికి వచ్చినప్పుడు నీరు తగ్గడమేమిటని మొదటిసారి విన్న విద్యార్థి ఆశ్చర్యపోతాడు. సముద్రాన్ని చూసి ఊహించేదానికి ఇది తలకిందులు. కానీ సముద్రంలో కదిలేది నీరు, ఇక్కడ కదిలేది నీటిని పట్టుకున్న పాత్ర.

ఇలాంటి గ్రానైటు నేలలో, పైన మూత లేని జలపొరలో ఈ ప్రభావం కనబడుతుందా అనే సందేహం ఒకప్పుడు నిపుణులకే ఉండేది. దానికి జవాబు మన దగ్గరే దొరికింది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఒక లోతైన బావిలో ఆటోమేటిక్ రికార్డరు పెట్టి తక్కువ వ్యవధుల్లో నీటిమట్టాన్ని కొలిచారు. మరెషాల్, శర్మ, షకీల్ అహ్మద్, లషాసాన్య కలిసి 2002లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఆ ఫలితాన్ని ప్రచురించారు. వర్షం వల్ల నీరు పెరిగే పెద్ద ధోరణి మీద చిన్న చిన్న అలలు కనిపించాయి. ఆ అలలు చుట్టుపక్కల మోటార్లు నడిచే వేళలతో సరిపోలేదు, లెక్కగట్టిన భూమి ఆటుపోట్లతో బాగా సరిపోయాయి. చాలా గంటలకొకసారి చేత్తో కొలిచిన పాత రికార్డుల్లో ఈ అలలు ఎప్పుడూ కనబడలేదు. ఆ వ్యాసం తేల్చిన చివరి మాట ఇంకా ముఖ్యం: ఇంత స్పష్టంగా స్పందించిందంటే ఆ రాతిలో ఖాళీలు చాలా తక్కువ. ఒక బావి, ఒక రికార్డరు, కొంత గణితం కలిసి నేలలోపలి రాయి గుణాన్ని చెప్పాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వస్తే చౌటుప్పల్‌లో అదే సంస్థకు బోరుబావుల ప్రయోగక్షేత్రం కూడా ఉంది. అక్కడినుంచి ఇంకాస్త ముందుకు వస్తే సూర్యాపేట.

తొలి పరిశోధనకు ఇదే ఎందుకు తగినదో ఇప్పుడు చెప్పాలి. పరిశోధనలో కొత్తవాళ్లకు ఎదురయ్యే పెద్ద ఇబ్బంది, తాము చూస్తున్నది నిజమో భ్రమో తేల్చుకోలేకపోవడం. భూమి ఆటుపోట్లలో ఆ ఇబ్బందికి మందు విషయంలోనే ఉంది, ఎందుకంటే రావలసిన సంకేతం ఎప్పుడు, ఏ వ్యవధిలో వస్తుందో ఖగోళ గణితం ముందే చెప్పేసింది. చంద్రుడి ప్రధాన అల 12 గంటల 25 నిమిషాలకొకసారి వస్తుంది. శాస్త్రంలో దాన్ని ఎం2 అంటారు. సూర్యుడి అల ఎస్2 సరిగ్గా 12 గంటలకు వస్తుంది. 25 గంటల 49 నిమిషాలకు వచ్చే ఓ1 చంద్రుడిదే. విద్యార్థి తన బోరు నుంచి వచ్చిన గ్రాఫును మొదటిసారి చూసినప్పుడు అందులో ఇవేవీ కనిపించవు. పక్క చేనులో మోటారు ఆన్ చేయగానే మట్టం నిట్టనిలువుగా పడిపోతుంది, ఆపాక మొదట వేగంగా, తర్వాత నింపాదిగా వంపు తిరుగుతూ కోలుకుంటుంది, వాన పడితే మొత్తం గీతే పైకి జరుగుతుంది. ఆ ఎగుడుదిగుళ్ల మీద ఒకటి రెండు సెంటీమీటర్ల అల ఎక్కడో దాగి ఉంటుంది. దాన్ని బయటికి తీసే పద్ధతి ఫోరియర్ విశ్లేషణ, కనిష్ఠ వర్గాల పద్ధతి. రెండూ బీఎస్సీ స్థాయి గణితంతో నేర్చుకోగలిగినవే. పరీక్ష కోసం బట్టీపట్టిన సైన్, కొసైన్ సూత్రాలు తన ఊరి బోరులోంచి చంద్రుడిని బయటికి లాగినప్పుడు ఆ విద్యార్థికి గణితం మీద కలిగే నమ్మకం ఏ గైడూ ఇవ్వలేదు.

ఎన్నాళ్లు కొలవాలన్నదానికీ కచ్చితమైన జవాబుంది. 12 గంటల 25 నిమిషాల అలనూ 12 గంటల అలనూ విడదీసి చూడాలంటే కనీసం 14.77 రోజుల కొలతలుండాలి. గోడమీద క్యాలెండరులో మనం చూసే పక్షం నిడివి అదే. రెండు అలలూ కలిసివచ్చే రోజులు అమావాస్య, పౌర్ణమి; ఒకదాన్నొకటి తగ్గించుకునే రోజులు అష్టమి దగ్గరివి. కాబట్టి ఒక పక్షం తక్కువలో తక్కువ, రెండు నెలలుంటే మంచిది. తిథులను గ్రాఫు కింద రాసుకుంటే అల ఎప్పుడు పెద్దదవాలో ఎప్పుడు చిన్నదవాలో విద్యార్థి ముందే చెప్పి, తర్వాత సరిచూసుకోవచ్చు.

ఇక్కడ అనుభవజ్ఞులు గట్టిగా లేవనెత్తే అభ్యంతరం మోటార్లది. చుట్టూ వందల మోటార్లు నడిచే చోట సెంటీమీటరు అలను ఎలా పట్టుకుంటారు? 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది, మోటారు ఏ గంటలోనైనా నడవచ్చు. అభ్యంతరంలో పస ఉంది, కానీ అది చెప్పేది ఏ అలను నమ్మాలో జాగ్రత్తగా ఎంచుకోమని, అంతే. మనిషి అలవాట్లన్నీ 24 గంటల లెక్కవి. మోటారు, ఎండ, చెట్లు నీటిని పీల్చుకోవడం, అన్నీ రోజుకు ఒకటి రెండుసార్లు అదే వేళకు వస్తాయి. అందుకే 12 గంటల అలనూ 24 గంటల అలనూ అనుమానించాలి. పైగా ఉష్ణమండలంలో గాలి పీడనమే ఉదయం పదింటికి, రాత్రి పదింటికి దగ్గరగా రెండుసార్లు పెరుగుతుంది. ఒక మిల్లీబారు పీడనమంటే ఒక సెంటీమీటరు నీటి ఎత్తు. కాబట్టి 12 గంటల అలలో ఎంత సూర్యుడిదో ఎంత గాలిదో చెప్పడం కష్టం, పక్కనే గాలి పీడనాన్నీ కొలిచి తీసివేయాలి. 12 గంటల 25 నిమిషాల అలను మాత్రం ఎవరూ కల్తీ చేయలేరు. ప్రతిరోజూ 50 నిమిషాలు ఆలస్యంగా మోటారు వేసే రైతు లేడు. ఏది నమ్మదగిన సాక్ష్యం, ఏది కాదు అని విడదీయడం పరిశోధనలో అసలు విద్య. దాన్ని ఇంత శుభ్రంగా నేర్పే విషయం మరొకటి నాకు కనిపించదు. మన 17 డిగ్రీల అక్షాంశం కూడా ఇందుకు కలిసివస్తుంది. ఎం2 అల భూమధ్యరేఖ దగ్గర బలంగా ఉంటుంది, మన దగ్గర అందులో తొంభై శాతానికి పైగా మిగులుతుంది.

తెలిసిన అలనే మళ్లీ కొలవడంలో కొత్తదనమేముంది అన్నది రెండో అభ్యంతరం. చంద్రుడి గురించి అయితే కొత్తేమీ లేదు. కొత్తది రాయి గురించి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఒకదానికొకటి గీత గీస్తే 50 కిలోమీటర్ల లోపే. చంద్రుడి లాగుడు మూడుచోట్లా దాదాపు సమానం. బంగాళాఖాతం కోదాడకు సుమారు 150 కిలోమీటర్లు, సముద్రపు పోటు బరువు ప్రభావం కొద్దిగా ఉన్నా ఈ మూడింటి మధ్య దాని తేడా చిన్నది. అంటే మూడు బోర్ల స్పందనలో తేడా వస్తే దానికి మొదటి కారణం కింద ఉన్న రాయీ నీరే. నేల చూస్తే మూడు రకాలు. సూర్యాపేట, తుంగతుర్తి వైపు బోర్ల మీద బతికే గ్రానైటు నేల. మిర్యాలగూడ దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, ఏటా వరిమళ్లలోంచి నీరు ఇంకే నేల. కోదాడకు దక్షిణాన మేళ్లచెరువు, మట్టపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలను పోషించే సున్నపురాయి. మూడు కాలేజీల విద్యార్థులు మూడు బోర్లలో ఒకే పక్షంలో కొలిస్తే, ఏ పుస్తకంలోనూ దొరకని పోలిక వాళ్ల చేతికొస్తుంది.

లెక్క ఎలా సాగుతుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. మన దగ్గర ఎం2 అల రాయి ఘనపరిమాణాన్ని దాదాపు పది కోట్లలో రెండు వంతులు మారుస్తుంది. పగుళ్లున్న రాయి, నీటిమట్టం ఒక మీటరు తగ్గినప్పుడు ఘనమీటరుకు ఒక మిల్లీలీటరు నీరు వదిలే రకమనుకుందాం. అప్పుడు బోరులో నీరు సుమారు 2 సెంటీమీటర్లు ఆడాలి. పది మిల్లీలీటర్లు వదిలే రాయి అయితే 2 మిల్లీమీటర్లే ఆడుతుంది. కాబట్టి అల ఎత్తు కొలిస్తే వెనక్కి లెక్కగట్టి రాయి గుణం చెప్పవచ్చు. గంటలకొద్దీ మోటారు నడిపి నీళ్లు పారబోసే పంపింగ్ పరీక్షలో వచ్చే సమాచారంలో కొంత భాగం ఇలా చుక్క నీరు తోడకుండానే దొరుకుతుంది. దీని హద్దు కూడా చెప్పాలి. ఇది చెప్పేది రాయి నొక్కుకుని సాగే గుణం మేరకు పట్టే నీటి గురించి. మట్టం దిగేకొద్దీ పగుళ్లలోంచి కారివచ్చే అసలు నిల్వ వేరు, రైతు తోడుకునేది ఎక్కువగా అదే. ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో ఈ పద్ధతి చెప్పదు. అలా చెబుతుందని ఎవరైనా రైతు దగ్గర డబ్బు తీసుకుంటే అది మోసం. కానీ బోరు చుట్టూ ఉన్న పగుళ్లు ఎంత బాగా కలిసి ఉన్నాయో, పైపొరకు ఎంత దగ్గరి సంబంధం ఉందో అల ఎత్తూ, అది వచ్చే ఆలస్యమూ సూచిస్తాయి. భూగర్భ జలం మీదే సేద్యం నడిచే ప్రాంతానికి అది చిన్న విషయం కాదు.

భూకంపాల మాట తప్పకుండా వస్తుంది. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల జలాశయం దగ్గర, చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల్లో, సుమారు 4.6 తీవ్రతతో నేల కంపించింది. జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ఆ ప్రాంతపు పిల్లలు భూమి ఆటుపోట్ల గురించి వినగానే, భూకంపం ఎప్పుడొస్తుందో చంద్రుడిని చూసి చెప్పవచ్చా అని అడగడం సహజం. చెప్పలేం. ఆటుపోటు రాతిమీద కలిగించే ఒత్తిడి ఒకటి నుంచి నాలుగు కిలోపాస్కల్స్, అంటే 10 నుంచి 40 సెంటీమీటర్ల నీటి బరువు. జలాశయం ఒక్క మీటరు నిండినా అంతకన్నా ఎక్కువే. భూకంపంలో విడుదలయ్యే ఒత్తిడి దానికి వందల నుంచి వేల రెట్లు. తెగడానికి సిద్ధంగా ఉన్న పగులును ఆటుపోటు కొన్ని గంటలు ముందుకు తోయగలదని 2004లోనూ 2016లోనూ వచ్చిన పరిశోధనలు చూపాయి. ప్రపంచంలోని వేలాది భూకంపాలను కలిపి లెక్కిస్తే తప్ప కనిపించని బలహీనమైన సంబంధం అది. ఒక ఊరికి, ఒక తేదీకి హెచ్చరిక ఇవ్వడానికి పనికిరాదు. అమావాస్యకు భూకంపమని ఫోన్లలో సందేశాలు తిరిగినప్పుడు ఈ లెక్క తెలిసిన డిగ్రీ విద్యార్థి ఊళ్లో ఒక్కడుంటే నలుగురికి ధైర్యం చెప్పగలడు. జలాశయానికీ భూకంపానికీ సంబంధం మాత్రం తీసిపారేయదగినది కాదు. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కోయనా దగ్గర వచ్చిన 6.3 తీవ్రత భూకంపం ఆ విషయాన్ని ప్రపంచానికి చూపింది. నీటి బరువుకు, పీడనానికి రాయి ఎలా స్పందిస్తుందో కొలవడం ఆ పెద్ద ప్రశ్నకు తొలి మెట్టు.

ఇక డబ్బు, తీరిక, ఇంగ్లీషు. నీటిలోకి దించే పీడన రికార్డరు ఒక్కటి కాలేజీ కొనగలిగిన వస్తువే, పది బ్యాచ్‌లకు పనికొస్తుంది. మిల్లీమీటరు తేడా పట్టగలిగేది కావాలి, పావుగంటకొకసారి రాసుకునేది కావాలి, గాలి పీడనం కొలిచేది ఇంకొకటి పైన ఉండాలి. విశ్లేషణకు పైథాన్ ఉచితం, మామూలు స్ప్రెడ్‌షీట్‌తోనూ పని జరుగుతుంది. ఇంగ్లీషు మీడియం కాని పిల్లలకు ఇది భారమంటారు కానీ, గ్రాఫుకు మీడియం లేదు. తెలుగులో ఆలోచించి, తెలుగులో చర్చించి, నివేదికను తర్వాత ఇంగ్లీషులో రాయడం నేర్చుకోవచ్చు. నాకు నిజంగా బరువైన అభ్యంతరంగా తోచేది ఒక్కటే: మొదటి రెండు నెలల్లో ఏ అలా దొరకకపోవచ్చు. బోరు పగుళ్లతో కలవనిదై ఉండవచ్చు, కేసింగు చుట్టూ నీరు కారవచ్చు, సెన్సరు తాడు సాగవచ్చు. అప్పుడు విద్యార్థికి మార్కులు పోకూడదు. అల ఎందుకు దొరకలేదో ఆధారాలతో రాసిన ఇరవై పేజీలు ఎత్తిరాసిన నలభై పేజీలకన్నా ఎంతో విలువైనవని మూల్యాంకనం చేసేవాళ్లు ఒప్పుకోవాలి. ఈ ఒక్క నియమం మారకపోతే పరికరాలు కొన్నా లాభం లేదు.

మూడు పట్టణాల భౌతికశాస్త్ర, గణిత అధ్యాపకులకు ఒక విన్నపం. మీ ఆవరణలోనో దగ్గరి ఊళ్లోనో వాడుకలో లేని, నీళ్లున్న లోతైన బోరు ఒకటి వెతకండి. భూగర్భ జలశాఖ జిల్లా కార్యాలయాన్ని అడిగితే వాళ్ల పరిశీలక బోర్ల వివరాలు తెలుస్తాయి. వానాకాలం కోతలకూ యాసంగి నాట్లకూ నడుమ మోటార్లు తక్కువగా నడిచే రోజుల్లో రికార్డరు దించండి. పక్క చేను రైతుతో మాట్లాడి మోటారు వేసిన వేళలను విద్యార్థుల చేత పుస్తకంలో రాయించండి. బోరు నోటికి బిగుతైన మూత ఉండాలి, పసిపిల్లలు తిరిగే చోట అది మొదటి పని. రెండు నెలల తర్వాత మూడు కాలేజీల విద్యార్థులనూ ఒకచోట కూర్చోబెట్టి, మూడు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి, తేడాలు ఎందుకొచ్చాయో వాళ్ల చేతే వాదింపజేయండి. ఈ ఏడాదే మొదలుపెట్టండి.